లోపల ఎవరూ లేరని నా సంతకం

మా చంటిదాని మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కల్పించింది లేదు. నేను ఆడిట్ వాణ్ణిరా బాబూ... కాగితం చూపిస్తే తప్ప నాకు పెళ్లయిందని నేనే నమ్మను. అలాంటివాణ్ణి చెబుతున్నాను, వినండి. నవ్వారంటే మాత్రం మధ్యలో ఆపేస్తాను.

రెండు వేల మూడో, నాలుగో... చలికాలం. అప్పుడు ఢిల్లీలో మయూర్ విహార్‌లో ఉండేవాణ్ణి. ఘాజియాబాద్ అవతల ఒక మిలిటరీ స్టోర్స్ డిపోకి ఆడిట్‌కి పంపారు. సైన్యానికి కొన్న దుప్పట్లు పుస్తకంలో రాసినన్ని షెడ్డులో ఉన్నాయా లేదా చూడాలి. పుస్తకంలో నాలుగు వందల పన్నెండు. నేను లెక్కపెడితే మూడు వందల ఎనభై నాలుగు. ఇరవై ఎనిమిది తక్కువ.

స్టోర్‌కీపర్ పేరు రాంఫల్. ఆ నెలాఖరుకే రిటైర్మెంట్. నేను "తక్కువ" అని రాస్తే అతని పెన్షన్ ఆగిపోతుంది. "సాబ్, ఏక్ బార్ ఔర్ గిన్ లీజియే" అని వెంటపడ్డాడు. ఇంకొక్కసారి లెక్కపెట్టమని. అప్పటికే చీకటి పడుతోంది. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. "కల్ దేఖేంగే!" రేపు చూద్దాం అని కసిరేశాను.

తలుపు మూశారు. తాళానికి గుడ్డ చుట్టి, లక్క కరిగించి సీలు వేశారు. దానితోపాటు ఒక కాగితం ఉంటుంది. "షెడ్డంతా తిరిగి చూశాను, లోపల ఎవరూ లేరు" అని. ఎప్పుడూ ఉండే వాక్యమే. ఎవడు తిరిగి చూస్తాడు? సంతకం గీకేశాను. మావాళ్లంతా అంతే.

పొగమంచుకి జీపు కదల్లేదు. షెడ్డు ఎదురుగా ఉన్న గెస్ట్ రూంలోనే పడుకున్నాను. ఒంటిగంట దాటి ఉంటుంది... మెలకువ వచ్చింది. ఎవరో గొణుగుతున్నారు. షెడ్డు వైపు నుంచి.

శాలువా కప్పుకుని వెళ్లాను. ఇనప తలుపుకి చెవి ఆనించాను.

"తీన్ సౌ సాత్... తీన్ సౌ ఆఠ్..."

మూడు వందల ఏడు, ఎనిమిది... అంకె అంకెకీ ధప్... ధప్... దుప్పటి మీద దుప్పటి పడుతున్న చప్పుడు. గొంతు రాంఫల్‌దే. సీలు వేసేటప్పుడు అతను మా పక్కన లేడు. బయటికి రావడం నేను చూడనే లేదు. అయ్యో... మనిషిని లోపల పెట్టి సీలు వేశానా? ఈ చలిలో?

"రాంఫల్ జీ!" అని తలుపు బాదాను. లెక్క ఆగలేదు.

కాపలా జవాను పరిగెత్తుకొచ్చాడు. లోపల మనిషి ఉన్నాడు, తెరవమన్నాను. అతనూ విన్నాడు. విన్నాడు! మొహం పాలిపోయింది. అయినా తుపాకీ అడ్డం పెట్టాడు.

"సీల్ కో హాథ్ మత్ లగాయియే సాబ్. ఆప్ కే హీ దస్తఖత్ హైఁ."

సీలు ముట్టుకోవద్దు, మీ సంతకమే ఉంది అని. నిజమే. సంతకం నాదే. కాపలా గదిలోంచి ఢిల్లీకి, మా ఆఫీసరుకి ఫోన్ చేశాను. రాజమండ్రి ఆయన. నిద్రమత్తులోనే అంతా విన్నారు.

"లోపలెవరూ లేరని సర్టిఫికెట్ ఇచ్చావా?"

"ఇచ్చానండీ..."

"మరింకేం? లేనట్టే. పొద్దున్న డిపో పెద్దలందరి ముందూ తెరవాల్సిందే. పడుకోవయ్యా."

మళ్లీ తలుపు దగ్గరికే వచ్చాను. ఇంకెక్కడికి పోతాను?

"బయాసీ... తిరాసీ... చౌరాసీ..."

మూడు వందల ఎనభై నాలుగు. నా లెక్క ఆగింది ఇక్కడే. ఊపిరి బిగబట్టాను. లోపల చప్పుడు లేదు... లేదు...

ధప్.

"పచాసీ..."

ఎనభై ఐదు. ఆగలేదండీ. ఒక్కొక్కటే... నెమ్మదిగా... "చార్ సౌ దస్... గ్యారహ్... బారహ్." నాలుగు వందల పన్నెండు. సరిగ్గా పుస్తకంలో ఉన్నన్ని. ఆ తర్వాత తలుపుకి అటువైపు... నా చెవి ఉన్న చోటే... మెల్లగా,

"లిఖ్ లీజియే, సాబ్."

రాసుకోండి అని. అంతే. ఇక తెల్లవార్లూ ఏ చప్పుడూ లేదు. పిలిచాను. బతిమాలాను. సిగ్గు లేకుండా ఏడ్చాను కూడా. ఆ లక్క ముద్ద నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. తెంచలేకపోయాను.

తొమ్మిదింటికి అందరూ వచ్చారు. సీలు చెక్కుచెదరలేదు. తెరిచారు. లోపల ఎవరూ లేరు. దుప్పట్లు నిన్న మేం పెట్టినట్టే ఉన్నాయి. నేను నోరు తెరుచుకుని నిలబడి ఉండగా గేటు వైపు నుంచి సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు... రాంఫల్. మెడకి మఫ్లర్. కావలించుకున్నంత పని చేశాను.

అతనికి గొంతు పోయింది. మాట పెగలడం లేదు. రాత్రంతా ఇంట్లో నిద్రలోనే లెక్కపెడుతూ ఉన్నాడట. వాళ్లావిడ చెప్పిందని గుసగుసగా అన్నాడు.

మళ్లీ లెక్కపెట్టాం. రెండుసార్లు. మూడు వందల ఎనభై నాలుగు.

రాంఫల్ నా వైపు చూశాడు. నేను రాత్రి కాపలా కాసిన జవాను వైపు చూశాను. అతను తల దించుకున్నాడు. చెవితో విన్నది రాయడానికి మా ఫారంలో గడి లేదు. ఇరవై ఎనిమిది తక్కువ అని రాశాను. అతని పెన్షన్ ఆగిపోయింది.

అది ఏమిటో నాకిప్పటికీ తెలియదు. అతను దొంగో కాదో అదీ తెలియదు. కానీ ఆ ఇరవై ఎనిమిది దుప్పట్లు పడడం నేను విన్నాను. ఒక్కొక్కటీ విన్నాను.