దేవకమ్మ సూపు కాచిన రోజులు

చిత్తూరు బస్టాండు వెనక వీధిలో ధనంజయకు బ్యాటరీలు బాగుచేసే చిన్న అంగడి ఉండేది. తొంభై ఎనిమిది ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం లారీ బ్యాటరీ ఒకటి దించి, దాహానికి ఆగలేక బల్ల మీదున్న సీసా ఎత్తి నోట్లో పోసుకున్నాడు. అందులో ఉన్నది నీళ్లు కాదు, యాసిడ్. దాన్ని ఆ సీసాలో పోసి పెట్టుకున్నది కూడా అతనే. నోట్లోది ఉమ్మేశాడు గానీ ఒక గుక్క అప్పటికే లోపలికి దిగిపోయింది.

తిరుపతిలో ఆస్పత్రివాళ్లు ప్రాణం నిలబెట్టారు. కానీ లోపలి పుండ్లు మానేకొద్దీ అన్నం దిగే దారి ముడుచుకుపోయింది. డాక్టరు అతని భార్య దేవకమ్మను పక్కకు పిలిచి చెప్పాడు. నోట్లోంచి గొట్టం పంపి ఆ దారిని కొద్దికొద్దిగా వెడల్పు చేయాలి, నెలనెలా రావాలి, అందుకు మనిషిలో బలం ఉండాలి, గట్టి తిండి మాత్రం పెట్టకూడదు. బలానికి ఏం పెట్టాలో అక్కడి నర్సు చెప్పింది. కూరగాయలు ఉడకబెట్టి, రుబ్బి, వడగట్టి, అందులో చీజ్ కలిపి సూపు తాగించమంది.

దేవకమ్మ అంతవరకు సూపు కాచి ఎరగదు. చీజ్ కంటితో చూసి ఎరగదు. పిల్లలు లేరు, ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే. బజారులో బేకరీ నుంచి చీజ్ డబ్బా కొనుక్కొచ్చి, పక్కింటి ఫక్రున్నీసా ముందు మూత తీసింది.

"సబ్బు మాదిరి ఉండాది గదమ్మే. దీన్ని మనుషులు తింటారా?"

"పాలతో చేసిందే గదక్కా. బెంగళూరులో మా ఆడబిడ్డ రొట్టె మీద ఏసుకుని తింటాది," అంది ఫక్రున్నీసా. ఆమె భర్త ఖాదర్ బాషా ఆటో నడుపుతాడు.

క్యారెట్టు, సొరకాయ, గుమ్మడికాయ ఉడకబెట్టి, మిక్సీలో వేసి, వడగట్టింది దేవకమ్మ. చీజ్ ముక్కలు వేసి, పచ్చి వాసన పోవాలని తెర్లకాచింది. చల్లార్చి, ధనంజయ ముందు కూర్చుని చెంచాతో పట్టింది. నాలుగైదు చెంచాలు దిగాయి. అతని ముఖంలో కొంచెం తేట వచ్చింది. ఇంకో చెంచా పట్టింది.

అది దిగలేదు. ధనంజయ రొమ్ము పట్టుకుని ముందుకు వంగాడు. నోట్లోంచి చొంగ తీగలా కారింది. మాట లేదు. కళ్లు మాత్రం ఆమెనే చూస్తున్నాయి. దేవకమ్మ వీపు మీద కొట్టింది, నీళ్లు పట్టబోయి, నీళ్లు కూడా పోవేమోనని చెంబు కింద పెట్టేసింది. ఆమె కేకకు ఖాదర్ బాషా వచ్చి అతన్ని ఆటోలో ఎక్కించాడు. ఊళ్లోని ఆస్పత్రి గేటు దగ్గరకు పోయేసరికి పెద్ద వాంతి అయింది. దాంతోపాటు తెల్లటి జిగురు ముద్ద ఒకటి రోడ్డు మీద పడింది. సాగి, మళ్లీ గట్టిపడిన చీజ్ అది. ధనంజయ ఊపిరి పీల్చుకున్నాడు. దేవకమ్మ ఆటో దిగలేకపోయింది.

ఆ రోజు నుంచి ఆమె సూపు గిన్నె పొయ్యి మీద పెట్టలేదు. ధనంజయ కూడా మజ్జిగ నీళ్లు తప్ప ఏదిచ్చినా తల పక్కకు తిప్పుకునేవాడు. మింగేముందు కళ్లు మూసుకునేవాడు. అతను మింగేదాకా దేవకమ్మ ఊపిరి బిగబట్టేది. వీధిలో ఎవరు దగ్గినా వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేది. అతని మెడ ఎముకలు బయటపడ్డాయి. తిరుపతికి పోతే డాక్టరు చూసి, ఈ నీరసంలో గొట్టం వేయలేనన్నాడు.

తిరుగు బస్సులో ధనంజయ మెల్లగా అన్నాడు, "నాకు భయమైతా ఉండాది దేవకా. ఆకలైతాది. గొంతు కాడికి వచ్చేతలికి భయమే ముందు అడ్డం పడతాది."

"నాకూ అంతేనయ్యా," అంది ఆమె.

పెట్టినా చస్తాడు, పెట్టకపోయినా చస్తాడు. ఆ మాటే దేవకమ్మ మనసులో తిరిగేది. ఒక ఉదయం మళ్లీ పొయ్యి వెలిగించింది. ఈసారి అతనికి పెట్టలేదు. తనే తాగింది. నమలకుండా, నాలుకతో తడమకుండా, అతను ఎట్లా మింగుతాడో అట్లా మింగింది. చీజ్ వేసి కాచినదాన్ని ఒక గ్లాసులో, దించినాక చీజ్ కలిపినదాన్ని ఇంకో గ్లాసులో పోసి, రెండూ చల్లారేదాకా ఎదురుగా కూర్చుంది. కాచినదాంట్లో చెంచా ముంచితే తీగ సాగింది. దించి కలిపినదాంట్లోనూ అడుగున ఒక ఉండ కనబడింది. దాన్ని చూడగానే రెండు గ్లాసులూ జలదారిలో పారబోసింది.

"కోవా మాదిరి ముద్ద కడతా ఉంటే, బియ్యప్పిండి కలిపి సూడక్కా," అంది సంగతి విన్న ఫక్రున్నీసా. "పాయసంలో నేను ఏస్తాను, ఇరిగిపోకుండా."

బియ్యప్పిండిని పాలలో కలిపి సూపులో పోసి ఉడికించింది. పొయ్యి దించి, చీజ్‌ను కొబ్బరి కన్నా సన్నగా తురిమి చిటికెడు చిటికెడుగా వేస్తూ కలిపింది. పలుచని పంచెగుడ్డలో వడగట్టింది. చల్లారనిచ్చి చెంచా ముంచింది. తీగ రాలేదు. గుడ్డను వెలుతురులో పట్టి చూసింది, వేళ్లతో నలిపి చూసింది. అయినా నమ్మకం కుదరక ఆ రోజంతా తనే తాగింది.

మర్నాడు అతని ఎదురుగా కూర్చుని, ముందు తానొక చెంచా తాగి, తర్వాత అతనికి పట్టింది. ధనంజయ చాలాసేపు నోరు తెరవలేదు. చెంచాలోది చాప మీద ఒలికింది. మళ్లీ ముంచి పట్టింది. కళ్లు మూసుకుని మింగాడు. దిగింది.

ఆ తర్వాత ప్రతి పూటా అదే తంతు. ఒంట్లో కండ పట్టింది. గొట్టం వేయడం మొదలైంది. వేసిన ప్రతిసారీ దేవకమ్మ ఆస్పత్రి వరండాలో గోడకు ఆనుకుని, తలుపు తెరుచుకునేదాకా కళ్లెత్తకుండా కూర్చునేది. ఏడాది దాటాక డాక్టరు మెత్తటి అన్నం పెట్టొచ్చన్నాడు. ఆమె తలూపి, ఇంటికొచ్చి మళ్లీ సూపే కాచింది. రేపు పెడతాననేది. ఆ రేపు నెలలు గడిచినా రాలేదు.

ఒకరోజు ఫక్రున్నీసా మాటల్లో జారవిడిచింది. ధనంజయ వాళ్లింట్లో కిచిడీ తింటున్నాడట, చాలా దినాలుగా. దేవకమ్మ చేతిలో పని వదిలేసింది. అతను మళ్లీ తెరిచిన అంగడికి పోయి ఎదుట నిలబడింది.

"నాకు సెప్పకుండా ఆడ తింటివే. ఏమన్నా అయ్యుంటే?"

ధనంజయ చేతిలో వైరు పక్కన పెట్టాడు. "నీ ఎదర తినలేను దేవకా. నువ్వు నా గొంతే సూస్తా ఉంటావు. నువ్వట్ల సూస్తా ఉంటే నాకు దిగదు."

ఆమె ఇంటికొచ్చింది. ఇంటి ముందు గట్టు మీద కూర్చుని ఏడ్చింది. సాయంత్రం అన్నం మెత్తగా వండి, చారు పోసి పిసికి, కంచం అతని ముందు పెట్టింది. తను గోడవైపు తిరిగి కూర్చుంది. కంచంలో వేళ్ల చప్పుడు, మింగుడు చప్పుడు వినిపిస్తున్నాయి. ప్రతి మింగుడుకూ ఆమె కొంగు పిడికిట్లో బిగుసుకుంది. తిరిగి చూడలేదు.

కాసేపటికి వెనకనుంచి, "ఇంకొంచెం చారు పొయ్యి," అన్నాడు ధనంజయ.

అతను తర్వాత చాలా ఏళ్లు అంగడి నడిపాడు. యాసిడ్‌ను ఎర్ర డబ్బాలో తప్ప పెట్టేవాడు కాదు. దేవకమ్మ భయం పూర్తిగా పోయిందని ఎవరూ అనలేరు. అతను తింటున్నంతసేపు ఆమె ఏదో ఒక పని పెట్టుకుని అటు తిరిగి ఉండేది, చెవి మాత్రం ఇటే.