పగలని గుడ్డు

ఫ్యాక్టరీ గేటు ముందు ఆమ్లెట్ల బండి పెట్టుకున్న ఆయన్ని అందరూ బాబాయ్ అనే పిలిచేవారు. కోపమొస్తే భార్య కూడా అలాగే పిలిచేది. బాబాయ్ గొప్పంతా ఆయన ఎడంచేతిలో ఉండేది. కుడిచేత్తో ఉల్లిపాయలు వేయిస్తూనే, ఎడంచేత్తో గుడ్డును పెనం అంచున కొట్టి, సొన గిన్నెలోకి వదిలి, పెంకును చూడకుండానే వెనక్కి విసిరేవాడు.

ఆ ఏడు కోళ్ళకు తెగులొచ్చి గుడ్లు దొరకడం మానేశాయి. ఏం చెయ్యాలో తోచక వట్టి బ్రెడ్డు కాల్చి అమ్ముతుంటే, ఊరి బయట టర్కీ కోళ్ళు పెంచే బావమరిది ఒక బుట్ట తెచ్చి బండి మీద పెట్టాడు.

"ఇవి వాడి చూడు బావా. కోడిగుడ్డుకి పెద్దన్నలాంటివి."

పెద్దవే. కానీ ఒళ్ళంతా గోధుమరంగు చుక్కలు.

"తట్టు పోసినట్టున్నాయి కదరా!" అన్నాడు బాబాయ్. అయినా ఆ సాయంత్రం వాటితోనే ఆమ్లెట్లు మొదలెట్టాడు.

మొదటి బేరం ఫ్యాక్టరీలో లేతు మిషన్ మీద పనిచేసే పెద్దాయనది. బాబాయ్ ఎప్పటిలాగే గుడ్డు కొట్టాడు. పెనం ఠంగుమంది, గుడ్డు మాత్రం చెక్కుచెదరలేదు. మళ్ళీ కొట్టాడు. వరసలో ఉన్నవాళ్ళు గుడ్లప్పగించి చూస్తున్నారు. పళ్ళు బిగించి మరోసారి కొట్టేసరికి అది చేతిలోంచి జారి, పెద్దాయన బూటు మీద పడి పగిలింది.

"ఇక్కడ బాగానే పగిలింది బాబాయ్! రేపట్నుంచి నా బూటు తెచ్చి ఇక్కడే పెడతాలే" అన్నాడాయన.

గేటంతా నవ్వింది. బండి పక్కనే ఉన్న భార్య ఇంకో గుడ్డు తీసుకుని, చాకుతో గాటుపెట్టి, తోలులాంటి లోపలి పొరను చీల్చి సొన వంచింది. ఒక్క గుడ్డుకే పెనం నిండింది.

"చుక్కలున్నాయి, పాడైందేమో?" అన్నాడు వెనకనుంచి ఒకడు.

"ఇక చాలు, కోడిగుడ్డు మీద ఈకలు పీకకు! తినేవాణ్ణి తిననియ్యి" అని కసిరాడు బాబాయ్.

పెద్దాయన నమిలాడు. "కోడిగుడ్డే. కాకపోతే వెన్న తిని పెరిగింది" అని, ఇంకొకటి వెయ్యమన్నాడు.

ఆ మాటతో గిరాకీ పెరిగింది. సరిగ్గా అప్పుడే బుట్టలు రావడం ఆగిపోయింది.

"పొదగడానికి కూర్చున్నాయి బావా. అసలే అవి పెట్టేది తక్కువ. ఇప్పుడైతే దగ్గరికి కూడా రానివ్వట్లేదు" అన్నాడు బావమరిది.

"నీకు చేతకాక!" అని బాబాయ్ తానే బయల్దేరాడు. వెంట భార్య కూడా వెళ్ళింది. పెట్ట కిందకి చెయ్యి పెట్టాడో లేదో, ఎక్కణ్ణుంచో పుంజు రెక్కలు విప్పుకుని మీదికొచ్చింది. బాబాయ్ ఒక్క గెంతులో నీళ్ళ డ్రమ్ము మీదున్నాడు.

"దానికి పిల్లలు కావాలి, మీకు ఆమ్లెట్ కావాలి. న్యాయం ఎవరి పక్కనుందో మీరే చెప్పండి" అంది భార్య.

"ముందు దీన్ని తోలవే తల్లీ! న్యాయం తర్వాత చెప్తాను."

కొన్నాళ్ళకు కోడిగుడ్లు మళ్ళీ వచ్చాయి. గుడ్డు చిక్కిపోయిందని గేటు దగ్గర కాస్త సణిగి, అందరూ సర్దుకున్నారు. భార్య మాత్రం రెండు టర్కీ పిల్లల్ని అట్టపెట్టెలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. బాబాయ్ తొంగిచూశాడు. అరచెయ్యంత కూడా లేవు. అయినా ఎందుకైనా మంచిదని, ఒక అడుగు వెనక్కే నిలబడ్డాడు.