నిక్కీ వాకిట్లో నిచ్చెన

కేసరూ మామ చచ్చినా ఒప్పుకోని విషయం ఒక్కటే: నీళ్లు కారుతున్న చోటే కప్పుకి కన్నం ఉందని. హిమాచల్‌లో ధౌలాధార్ కొండల కింద ఆ ఊళ్లో ఇళ్లన్నిటికీ పలకరాళ్ల కప్పులే, కోతులన్నీ ఆ కప్పుల మీదే. అవి గెంతినప్పుడల్లా ఓ పలక పగులుతుంది, వాన పడగానే కప్పులు బాగుచేసే మామకి కబురెళ్తుంది. మామ వచ్చి, బీడీ ముట్టించి, కారే చోటే వెల్లకిలా పడుకుని కాసేపు పైకి చూసి, "కారేది ఇక్కడ, కన్నం అక్కడ," అని ఎటో చెయ్యి చూపిస్తాడు.

కప్పుల వరకైతే సరే, ఊళ్లో ఎవరికి ఏమొచ్చినా మామది అదే పాట. పప్పు మాడితే తప్పు పొయ్యిది కాదు, కందులు పండించినవాడిది. మోకాలు నొప్పని తనే ఆస్పత్రికి వెళ్లి, డాక్టరు మోకాలు నొక్కబోతే, "నొప్పి ఇక్కడే గానీ జబ్బు అక్కడ," అని భుజం చూపించాడట. ఆ డాక్టరు పాపం భుజానికీ మందు రాసిచ్చాడు.

ఊరంతా నవ్వుకునేది. సర్నోకి మాత్రం ఒళ్లు మండిపోయేది.

సర్నో, ఆమె తోడికోడలు నిక్కీ ఒకే కప్పు కింద మాటల్లేకుండా బతుకుతున్నారు. పంపకాలప్పుడు అత్తగారి పెద్ద పొయ్యి నిక్కీ వాటాకి వెళ్లింది. దాంతో మొదలైన కక్ష మొగుళ్లిద్దరూ పోయినా పోలేదు. ఇంటి నడుమ మట్టిగోడ లేచింది. గోడ అటక దాకానే. ఆపైన అటకా, కప్పూ ఇద్దరివీ.

ఏటా సర్నో వంటిల్లు కారేది. ఏటా మామ కన్నం నిక్కీ వైపే ఉందనేవాడు. అంటే నిచ్చెన నిక్కీ వాకిట్లో వేయాలి. ఇంకొకరి వాకిట్లో నిచ్చెన వేయాలంటే అవసరమున్నవాళ్లు స్వయంగా వెళ్లి నోటితో అడగాలి, పని అయ్యేదాకా కింద నిచ్చెన పట్టుకుని నిలబడాలి. నిలబడ్డవాళ్లకి ఆ ఇంటామె టీ ఇవ్వాలి. బద్ధశత్రువైనా సరే, అక్కడ అంతే.

సర్నో పళ్లు నూరుకుంటూ వెళ్లేది. ఏడాదంతా దాచుకున్న విషం ఆ నిచ్చెన కిందే కక్కుకునేవాళ్లు. టీలో చక్కెర తక్కువైందని సర్నో అంటే, ఆ నాలుకకి అదే ఎక్కువని నిక్కీ. ఈ లోపల పైన మామ తీరిగ్గా పలకలు సవరించుకునేవాడు. తగువులు పెట్టి తమాషా చూసే ముసలాడని సర్నో ఊరంతా చాటేది.

ఈ ఏడు ఆమెకి విసుగెత్తింది. తన సగం పలకలు పీకించి సిమెంటు స్లాబు వేయించేద్దామని మేస్త్రీని పిలిచింది. రెండు వాలులూ కలిసే నడికొప్పు దూలం కోస్తే అవతలి సగం నిలబడదమ్మా, ఈ వానల్లో ఆవిడ ఎక్కడికి పోతుందని అడిగాడతను. పుట్టింటికి పోతుందిలే, అంది సర్నో. అన్నాక తన నోరే చేదైంది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

పని మొదలెట్టాల్సిన పొద్దున వాన దంచికొట్టింది, వంటిల్లు కారింది. పిలవకుండానే మామ ఊడిపడ్డాడు. యథాప్రకారం పడుకుని, చూసి, నిచ్చెన తీసుకెళ్లి నిక్కీ వాకిట్లో ఆనించి, వెళ్లి అడగమన్నాడు.

ఈసారి ఆ కన్నమేదో తనే చూస్తానని సర్నో అటకెక్కింది. అటక పశువుల గడ్డి దాచుకోవడానికే, పశువుల్లేని మనిషి కనుక ఇన్నేళ్లూ ఆమెకి అటకతో పనే పడలేదు. పైన పలకల అడుగులన్నీ పొగచూరి నల్లగా ఉన్నాయి. నిక్కీ వైపు ఒక్క కొత్త పలక లేదు. తన వంటింటి మీద మాత్రం మసి అంటని పలకలు, పోయినేటివి, అంతకు ముందేటివి, అన్నీ ఒక్కచోటే. వాటి మధ్య ఒకటి పగిలి, సరిగ్గా తన పొయ్యి మీద ఆకాశం కనబడింది. ముసలాడు ఏటా నిక్కీ వైపు ఎక్కి, కొప్పు దాటొచ్చి, తన వైపే బాగుచేసి పోయాడన్నమాట.

పగిలిన ముక్క పట్టుకుని సర్నో విసవిసా నిక్కీ వాకిట్లోకి నడిచింది.

"మామా, కన్నం నా నెత్తిమీదే ఉంది. నిచ్చెన ఇక్కడెందుకు వేశావు ఇన్నేళ్లూ?"

మామ ముక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది ఇటు పగిలి అటు జారుంటుంది," అన్నాడు సిగ్గు లేకుండా.

"కొప్పెక్కి జారిందా?"

"కోతుల సంగతి మనమేం చెప్పగలం."

అప్పటికే నిక్కీ టీ గ్లాసుతో వచ్చి నిలబడి ఉంది. "నేనెప్పుడో చూశానక్కా, గడ్డి దించుతూ," అంది.

"చూసి నోరు మూసుకున్నావా?"

"చెబితే ఇక నువ్వు రావుగా."

సర్నో గ్లాసు అందుకుంది. వాన తెరిపిచ్చింది. మామ గొణుక్కుంటూ పైకెక్కాడు.

అంతలో మేస్త్రీ మనుషులతో వచ్చి, ఎటునుంచి పీకమంటారని అడిగాడు.

"పీకొద్దు, వెళ్లిరా. తప్పు కప్పుది కాదు."

"మరెవరిదమ్మా?"

"కోతులది."

మేస్త్రీ తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. సర్నో టీ గుటకేసి మొహం చిట్లించి, చక్కెర తక్కువైందంది.

"లోపలికి రా, పొయ్యి దగ్గర కూర్చో. వేస్తాను," అంది నిక్కీ.

అత్తగారి పొయ్యి. సర్నో ఒక్క క్షణం ఆగి, గడప దాటింది.

"నిచ్చెన పట్టుకునేదెవరే?" పైనుంచి మామ కేకేశాడు. లోపల గరిటె చప్పుడవుతోంది, చక్కెర డబ్బా ఎక్కడుందో ఎవరో ఎవరినో తిడుతున్నారు. మామ కొప్పు మీద చతికిలబడి బీడీ ముట్టించుకున్నాడు.