ఓవర్‌బ్రిడ్జి మీద నేర్చుకున్న కొండ నడక

ఆదివారం పొద్దున్న పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా ఏలూరు నుంచి ఫోనొచ్చింది. మా టీచరుగారి చెల్లెలు. "అక్క పోయిందండి. నిన్న సాయంత్రం నుంచే మాట లేదు. తెల్లారేసరికి ఊపిరీ లేదు" అన్నారు. ఆవిడ ఏడవలేదు. నేనూ ఏడవలేదు. "వస్తున్నామండి" అని ఫోను పెట్టేసి, వంటింట్లోకి వచ్చి, ఏం చెయ్యాలో తోచక పప్పుగుత్తి తీసుకుని మెదపడం మొదలుపెట్టాను. పప్పు మెత్తబడి, జావై, గిన్నెకి అంటుకుపోతున్నా మెదుపుతూనే ఉన్నాను. మా ఆయన వచ్చి చేతిలోంచి గుత్తి తీసుకుంటే అప్పుడు కూర్చున్నాను.

ఈ కబురు వస్తుందని నెలల తరబడి తెలుసు. తెలిసి చేసిందేమీ లేదు. చెయ్యడానికి ఏమీ లేదు కూడా. అదే నాకు మింగుడు పడటం లేదు.

పోయినావిడ నాకు చుట్టం కాదు. నాకు పాఠం చెప్పిన టీచరూ కాదు. తాడేపల్లిగూడెంలో మా పక్కింటావిడ. మిషన్ స్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు కాబట్టి వీధి మొత్తానికి టీచరుగారు. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం చర్చి, సాయంత్రం నడక, ఏడాదికోసారి కొండ. ఒళ్ళు బాగున్నన్నాళ్ళూ ఈ మూడింటిలో ఏదీ ఆవిడ మానగా నేను చూడలేదు.

కొండ అంటే మా వైపు వాళ్ళకి ఎంత పరాయిదో చెప్పాలి. మాది ఉంగుటూరు దగ్గర పల్లె. పుట్టినప్పటినుంచి నేనెక్కిన ఎత్తల్లా కాలవ గట్టు. ఇటు చూస్తే వరిచేను, అటు చూస్తే వరిచేను, కిందికి కొల్లేరు వైపు పోతే చేపల చెరువులు. నేల ఎక్కడా తల ఎత్తదు. ఇలాంటి చోటే పుట్టిన టీచరుగారికి కొండల పిచ్చి ఎలా పట్టిందని ఒకసారి అడిగాను. "మ్యాపులో గోధుమరంగు చూపించి, ఇవి కొండలర్రా అని పిల్లలకి చెప్పేదాన్నమ్మా. ఒక్కటీ ఎక్కకుండా ఎన్నేళ్ళని చెబుతాను? సిగ్గేసింది" అన్నారు.

ఆ సిగ్గు మమ్మల్నందర్నీ కొండలెక్కించింది. కోతలయ్యి, ధాన్యం మిల్లులకి చేరాక, చలి ఇంకా ఉండగానే ప్రయాణం. వీధిలో వాళ్ళు, చర్చిలో వాళ్ళు, ఏలూరు నుంచి ఆవిడ చెల్లెలు, ఇంకా రైసుమిల్లు గుమస్తాగారు. రాత్రి బండెక్కి విశాఖ చేరి, పొద్దున్నే అరకు పాసింజరు పట్టుకునేవాళ్ళం. బొర్రా గుహల స్టేషన్లో దిగితే అందరూ గుహల వైపు పోయేవారు. మేం మాత్రం జలపాతం దారి పట్టేవాళ్ళం. కొంత దూరం జీపులు పోతాయి గాని, ఆవిడ ఎక్కనిచ్చేవారు కాదు. జీపెక్కినా చివరి ఎగుడు మాత్రం నడిచి తీరాల్సిందే.

దానికి తయారీ మా ఊళ్ళోనే జరిగేది. ప్రయాణానికి నెల ముందు నుంచి సాయంత్రం పూట అందర్నీ స్టేషన్ దగ్గరికి పిలిచేవారు. "మన ఊళ్ళో ఉన్న కొండ ఇదొక్కటే, ఎక్కండి" అని రైల్వే ఓవర్‌బ్రిడ్జి చూపించేవారు. ఎక్కడం, దిగడం, అటువైపు ఎక్కడం, మళ్ళీ దిగడం. మూటలతో దాటేవాళ్ళు మాకేసి వింతగా చూసేవారు. స్టేషన్ ముందు టీ కొట్టాయన "ఏవండీ, బండేమైనా తప్పిపోయిందాండీ?" అని ప్రతి సాయంత్రం అడిగేవాడు. నాకు తల కొట్టేసినట్టుండేది. ఆవిడ మాత్రం నింపాదిగా "లేదు బాబూ, కొండెక్కుతున్నాం" అనేవారు.

మాకు నడక రాదని ఆవిడ కనిపెట్టారు. కాలవ గట్టు మీద నడిచినట్టు మెట్లమీదా గబగబా ఎక్కి, పైకెళ్ళి రొప్పుతూ ఊచలు పట్టుకునేవాళ్ళం. అందుకని ఒక నియమం పెట్టారు. ఎక్కుతున్నంత సేపూ కబుర్లు చెప్పుకుంటూ ఉండాలి. ఎవరికి మాట అందకపోతే వాళ్ళు చెయ్యెత్తాలి, అందరూ ఆగాలి. "మాట ఆగితే కాలు ఆగాలి. ఒకరికి ఆగితే అందరికీ ఆగినట్టే" అనేవారు. ఆ మనిషి ఊపిరి కుదుటపడ్డాక "ఇక కదులుదామా అండీ" అని టీచరుగారే అనాలి. అప్పటిదాకా ఎవరూ కదలకూడదు.

గుమస్తాగారికి ఈ నియమం నచ్చేది కాదు. "ఆయ్, నాకేం ఆయాసం లేదండి" అంటూనే ముఖం కందగడ్డలా చేసుకునేవారు. "అయితే మిల్లు సంగతులేంటో చెప్పండి, వింటాం" అని టీచరుగారు అడిగితే ఒక్క మాట బయటికొచ్చేది కాదు. చేత్తో ఊరికే గాల్లో ఏదో చూపించేవారు. అందరం నవ్వుతూ ఆగేవాళ్ళం.

ఆయనే మొదటి ప్రయాణంలో కొండ దారి పక్కన పారే వాగు చూసి చాలాసేపు ఆలోచనలో పడ్డారు. తర్వాత టీచరుగారి పక్కకి వచ్చి, ఎవరూ వినకుండా అడగబోయారు గాని అందరికీ వినిపించింది. "ఏవండీ, ఈ నీళ్ళు ఎవరు వదులుతున్నారండి? లాకులు ఎక్కడున్నాయండి?" పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఎవరో కాలవ లాకులెత్తి వదిలితే వచ్చిన నీళ్ళే చూసినవాళ్ళం మేం. ఆయన్ని చూసి నవ్వాను గాని, నాకూ అదే అనుమానం. టీచరుగారు నవ్వలేదు. "ఇక్కడ లాకులుండవండి. ఎవరూ వదలరు, ఎవరూ కట్టెయ్యరు" అన్నారు. గుమస్తాగారు తల పంకించారు గాని నమ్మినట్టు లేదు.

మోకాళ్ళ నొప్పులతో మా అత్తగారు ఇల్లు కదిలేవారు కాదు. ఆవిడకి కొండ యోగం లేదని నేనంటే టీచరుగారికి కోపం వచ్చింది. "ఎక్కలేని వాళ్ళకి కొండ లేదనకమ్మా. రైలుంది, రోప్‌వే ఉంది. పైదాకా అవి చేరుస్తాయి. పైన నాలుగడుగులు మనం వెయ్యాలి. ఆ నాలుగడుగులే కొండ" అన్నారు. అన్నట్టే మా అత్తగారిని విశాఖ తీసుకెళ్ళి కైలాసగిరి రోప్‌వే ఎక్కించారు. పెట్టె గాల్లోకి లేవగానే మా అత్తగారు టీచరుగారి చెయ్యి పట్టుకుని, "తీగ తెగితే ఎలాగండీ?" అన్నారు. "కబుర్లు చెప్పుకుంటూనే పడదామండి, ఆయాసం రాదు" అన్నారు టీచరుగారు. పైకి చేరాక బెంచీ మీద కూలబడనివ్వలేదు. చెయ్యి పట్టుకుని, ఆగుతూ, మాట్లాడిస్తూ కొండ అంచు వెంట నడిపించారు. సముద్రం చూసి మా అత్తగారు, "బాగుందండి, వానాకాలంలో మన కొల్లేరు లాగే ఉంది" అన్నారు. ఇప్పటికీ ఇంటికెవరొచ్చినా తాను కొండెక్కానని చెబుతారు. రోప్‌వే మాట ఎత్తరు.

ఇన్నేళ్ళు తిరిగినా మాలో ఎవరం గమనించని సంగతి ఒకటుంది. ఆ జలపాతాన్ని టీచరుగారు ఒక్కసారి కూడా చూడలేదు. ప్రతి ఏడూ ఎవరో ఒకరు చివరి ఎగుడు దగ్గర ఇక నావల్ల కాదని కూలబడేవారు. ఒక ఏడు కాలు మడతపడిన పిల్ల, ఒక ఏడు కొత్త చెప్పులు కరిచిన బ్యాంకాయన, ఒక ఏడు నేను. ఆవిడ ఆ మనిషి పక్కన కూర్చుని, "మీరెళ్ళి చూసి రండి, వచ్చి చెప్పండి" అని మిగిలినవాళ్ళని పంపేవారు. నా దగ్గర కూర్చున్న ఏడు ఆవకాయ ముక్కలు ఊరడానికి ఎన్నాళ్ళు పడుతుందో మాట్లాడుకున్నాం. ఆకుల వెనక ఎక్కడో నీళ్ళ హోరు వినిపిస్తూనే ఉంది. ఆవిడ అటు చెవి పెట్టి ఉంచారని ఇప్పుడు గుర్తొస్తోంది.

ఈ సంగతి చెల్లెలుగారి వల్ల బయటపడింది, అప్పటికే టీచరుగారికి జబ్బు మొదలైంది. ఒక సాయంత్రం ఓవర్‌బ్రిడ్జి ఎక్కుతూ, ఉల్లిపాయల మార్కెట్టు దగ్గర లారీలు ఎలా అడ్డం నిలిచాయో చెబుతున్నారు. సగం మాటలో ఆగిపోయారు. మేం నవ్వుతామనుకుని ఎదురు చూస్తున్నాం, ఏదో చమత్కారం వస్తుందని. రాలేదు. ఆవిడ చెయ్యెత్తారు. అంతకు ముందెన్నడూ ఆవిడ చెయ్యెత్తడం చూడలేదు మేం. మెట్ల మధ్య చప్టా మీద అందరం ఆగిపోయాం. కాసేపటికి తేరుకుని, "ఇక కదులుదామా అండీ" అన్నారు గాని, పైకి కాదు, కిందికే దిగాం.

ఏలూరులో డాక్టరు ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయన్నాడు. మందులు ఆలస్యం చెయ్యగలవే గాని బాగు చెయ్యలేవన్నాడు. నేనూ పక్కనే ఉన్నాను. ఆయన చాలా మర్యాదగా చెప్పాడు, కసిరి ఉంటే కాస్త పోట్లాడేదాన్ని. బయటికొచ్చాక టీచరుగారు, "ఈసారి కోతలు ఎప్పటికవుతాయమ్మా?" అని మాత్రం అడిగారు. ఆ రోజే చెల్లెలుగారు నాతో చెప్పారు: "ఆ నీళ్ళు ఒక్కసారి చూడాలని అక్కకి ఉందండి. తనంతట తను చెప్పదు."

కోతల దాకా ఆగొద్దు, రేపే వెళ్దామన్నాను. టీచరుగారు ఒప్పుకోలేదు. "కోతల్లో మనుషుల్ని కదుపుతామా? అందరూ ఉంటేనే ప్రయాణం" అన్నారు. బతిమాలాను, కోప్పడ్డాను, చివరికి ఊరుకున్నాను. ఆ ఏడు వానలు పట్టి కోతలు వెనకబడ్డాయి. చేలల్లో పడిపోయిన వరిని, పక్కింట్లో తగ్గిపోతున్న ఆవిడ గొంతుని చూస్తూ కూర్చోవడమే నా పనైంది.

ఎట్టకేలకు వెళ్ళాం. పాసింజరు సొరంగాల్లోకి దూరినప్పుడల్లా పెట్టెలో పిల్లలు కేకలు పెడుతుంటే ఆవిడ కిటికీ పక్కన కూర్చుని నవ్వారు. స్టేషన్ దగ్గర ఈసారి మారు మాట్లాడకుండా జీపెక్కారు. జీపు ఆగిన చోట నుంచి నడక మొదలైంది. కాస్త నడవడం, ఆగడం. మళ్ళీ కాస్త నడవడం, ఆగడం. మేం మాట్లాడుతూనే ఉన్నాం, నోటికొచ్చిందల్లా. ఆవిడ ముందు "ఊఁ" అంటూ వచ్చారు. తర్వాత తల ఊపారు. చివరి ఎగుడు మొదట్లో చెయ్యెత్తారు.

అందరం ఆగాం. నీళ్ళ హోరు దగ్గరగానే వినిపిస్తోంది. చాలాసేపు ఎదురుచూశాం. ఆవిడ నోట "ఇక కదులుదామా" రాలేదు. గుమస్తాగారు ముందుకొచ్చి, "డోలీ కట్టిస్తానండి, ఊళ్ళో మనుషులున్నారు" అన్నారు. ఆవిడ తల అడ్డంగా ఊపి, పక్కనున్న రాయి మీద కూర్చుని, ఒక్కొక్క మాటే కూడదీసుకుంటూ, "మీరెళ్ళి చూసి రండి. వచ్చి చెప్పండి" అన్నారు.

ఎవరం కదల్లేదు. ఆవిడకి కోపం వచ్చింది. "నా దగ్గర ఒకరుంటే చాలు" అన్నారు. అయినా ఎవరం కదల్లేదు. ఇంతమందిమి, తిన్నగా ఉన్న కాళ్ళతో, ఒక్క మనిషిని ఆ నాలుగడుగులు వేయించలేక దారి పక్కన కూలబడ్డాం. చెల్లెలుగారు అక్క వీపు రాస్తూ ఉండిపోయారు. నాకు ఆ కొండ మీద కోపం వచ్చింది, దేవుడి మీద వచ్చింది, ఎవరి మీద చూపించుకోవాలో తెలియలేదు.

చివరికి గుమస్తాగారు లేచి, ఖాళీ సీసా పట్టుకుని పైకి పోయారు. వచ్చేసరికి చొక్కా తడిసిపోయి ఉంది. ఫొటోలు తీసే సెల్‌ఫోన్లు వస్తున్నాయని విన్నాం గాని మాలో ఎవరి దగ్గరా లేదు. సీసా ఆవిడ చేతికిచ్చి, ఎలా ఉందో చెబుదామని నోరు తెరిచారు. "పై నించి పడతన్నాయండి... బాగా పడతన్నాయండి" అని ఆగిపోయారు. ఆయాసం వల్ల కాదు. ఆవిడ ఆ నీళ్ళతో ముఖం తడుపుకుని, "లాకులు కనబడ్డాయాండీ?" అన్నారు. గుమస్తాగారు ముఖం అటు తిప్పుకుని, "లేవండి. మీరు చెప్పిందే నిజమండి" అన్నారు.

ఆ తర్వాత చెల్లెలుగారు ఆవిడని ఏలూరు తీసుకెళ్ళిపోయారు. వీలైనప్పుడల్లా బస్సెక్కి వెళ్ళి చూసొచ్చేదాన్ని. ముక్కుకి గొట్టం, పక్కన ఆక్సిజన్ సిలిండరు. "నువ్వు మాట్లాడమ్మా, నేను వింటాను" అని సైగ చేసేవారు. నేను ఏదో ఒకటి చెబుతూ కూర్చునేదాన్ని. పాలవాడి సంగతి, మా అత్తగారి గొప్పలు, కాలవలు కట్టేసిన సంగతి. చెప్పేవి అయిపోతే చెప్పినవే చెప్పేదాన్ని. చివరిసారి వెళ్ళినప్పుడు నాకే మాట పెగల్లేదు. అప్పుడు ఆవిడ మంచం మీంచి చెయ్యి కొంచెం పైకెత్తారు, నా తరఫున. ఇద్దరం కాసేపు ఆగాం.

సోమవారం ఏలూరు సమాధుల తోటలో మట్టి వేసి వచ్చాం. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు గాని, మర్నాడు సాయంత్రం అందరం స్టేషన్ దగ్గర చేరాం. టీ కొట్టాయన మమ్మల్ని చూశాడు గాని ఏమీ అడగలేదు. అలవాటు ప్రకారం కబుర్లు చెప్పుకుంటూ ఎక్కడం మొదలుపెట్టాం. మధ్య చప్టా దగ్గర గుమస్తాగారు చెయ్యెత్తారు. ఆగాం. ఆయన ఊపిరి కుదుటపడింది. అందరి ఊపిరీ కుదుటపడింది. ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నాం. ఆ మాట ఎవరం అనలేకపోయాం. కింద విజయవాడ వైపు నుంచి బండొచ్చి ఆగింది. దిగిన జనం సంచులతో, పిల్లలతో మమ్మల్ని తోసుకుంటూ ఎక్కిపోయారు. బండి కూడా కదిలిపోయింది. మేం ఊచలు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాం.