చెప్పుల లైనులో మా బుచ్చవ్వత్త

కోరుట్లలో ఇంటర్ పిల్లలకు ఇరవై రెండేళ్లుగా ఎకనామిక్స్ చెబుతున్నాను. ప్రతి ఏడూ ఒక పాఠం దగ్గరికి రాగానే నాకు ఒళ్లు మండుతుంది. బోర్డు మీద నిలువుగా గీత గీసి, ఒక గడిలో ‘స్వేచ్ఛా వ్యాపారం’, రెండో గడిలో ‘ప్రభుత్వ జోక్యం’ అని రాస్తాను. పేదరికం, అసమానతలు దేనివల్ల తగ్గుతాయో చర్చించాలి. పది మార్కులు. పిల్లలు రెండు వైపులా చెరో ఆరు పాయింట్లు రాసి, చివర ‘రెండూ అవసరమే’ అని ముగిస్తారు. అది జవాబు కాదు, తప్పించుకోవడం. అయినా మార్కులు వేస్తాను, ఎందుకంటే ఆ తప్పించుకోవడం నేర్పింది నేనే.

ఈ రహస్యం కనిపెట్టిన ఒకే ఒక్క మనిషి మా మేనత్త బుచ్చవ్వ. ఆమె బడి గడప తొక్కలేదు. ఎప్పుడో ఒకసారి ఏం పాఠం చెబుతావని అడిగితే ఆ రెండు గడుల సంగతి చెప్పాను. అదే నా ఖర్మ. అప్పటి నుంచి ఎప్పుడు కనబడినా మొదటి మాట అదే.

"తేలిందా అల్లుడా?"

"ఇంకా లేదు అత్తా."

"నెలనెల జీతమైతె తేలుతంది గదా!" అంటుంది. మా కాలేజీలో ఇంత సూటిగా మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు, దేవుడి దయ.

అత్త కోనరావుపేటలో పుట్టి, పదహారో ఏట రాయికల్ దగ్గరి ఊరికి కోడలై వచ్చింది. మామ పేరు దేవయ్య. ముప్పై ఏళ్లు తాటిచెట్లెక్కి కల్లు గీశాడు. ఇప్పుడు మోకాళ్లు అరిగి, అరుగు ఎక్కడానికే ఇద్దరి సాయం కావాలి. పిల్లలు లేరు. ఎకరం పొలం అత్త చూసుకుంటుంది, మిగతా పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంది. ఆ ఎకరంలో పండేదే ఆ ఇంటికి ఏడాది తిండి.

అత్తకు చెప్పులు వేసుకునే అలవాటు లేదు. చూడలేక మొన్న ఎండాకాలం జగిత్యాలలో మంచి జత కొనిచ్చాను. కళ్లకు అద్దుకుని, పాలిథిన్ కవర్లో చుట్టి, బీరువాలో పట్టుచీర పక్కన పెట్టింది. "గింత మంచియి మట్టిల తొక్కుదునా?" అంది. చెప్పులు ఉన్నదే అందుకు అని నేను వాదించి ఓడిపోయాను.

ఆ ఇంట్లో అసలు వాదన వేరే ఉంది. మామ సర్కారు మనిషి. పింఛను సర్కారుది, బియ్యం సర్కారువి, వడ్లు కొనేది సర్కారు, కాబట్టి మిగతావి కూడా సర్కారే ఇవ్వాలంటాడు. మోకాళ్లకు మాత్రం జగిత్యాల ప్రైవేటు డాక్టరే కావాలి. ఆయన తమ్ముడు హన్మంతు దీనికి పూర్తిగా ఎదురు. దోహాలో ఒక హోటల్లో గదులు సర్దే పని తొమ్మిదేళ్లు చేసి వచ్చి, పక్కింట్లోనే కిరాణం పెట్టాడు. "సర్కార్ చెయ్యి తీసేస్తెనే దేశం బాగుపడ్తది. ఓపెన్ మార్కెట్ అన్నా, ఓపెన్ మార్కెట్!" అని గోడ మీది నుంచి అరుస్తాడు. రేషన్ బియ్యం వచ్చిన రోజు మాత్రం డీలర్ ఇంటి ముందు మొదటి సంచి ఆయనదే. ఇద్దరి మధ్య అత్త కూర్చుని బీడీలు చుడుతూ ఉంటుంది. ఆకు మీద తంబాకు వేసేటప్పుడు ఇద్దరినీ ఒకేలా తిడుతుంది.

మొన్న ఆగస్టులో యూరియాకు కరువొచ్చింది. వరి పిలక వేసే సమయం. అత్త పొలం పచ్చదనం పోయి పసుపు తిరుగుతోంది. ఆ వారంలో రెండు సంచులు పడకపోతే ఏడాది తిండి సగానికి పడిపోతుందని ఫోన్లో చెప్పింది. అత్త గొంతులో భయం వినడం నాకు అదే మొదటిసారి.

సొసైటీ గోదాం దగ్గర లైను కట్టాలి. గంటల తరబడి ఎవరు నిలబడతారు? మా దిక్కున ఒక పద్ధతి ఉంది. ఎవరి చెప్పులు వాళ్లు లైనులో విడిచి, పోయి చెట్టు నీడన కూర్చుంటారు. లారీ వచ్చాక ఎవరి చెప్పుల్లో వాళ్లు కాళ్లు పెడతారు. మనిషి ఎంత పెద్దవాడైనా, చెప్పులు ఉన్నచోటే అతని స్థానం.

మొదటి రోజు అత్త వట్టి కాళ్లతో పోయింది. విడవడానికి చెప్పులు లేవు కాబట్టి తన బీడీల చాట లైనులో పెట్టింది. సొసైటీ గుమస్తా సంపత్ వచ్చి చాటను కాలితో పక్కకు జరిపాడు.

"అవ్వా, చెప్పులే చెల్లుతయ్. చాటలు చెల్లయ్."

"చెప్పులు లేనోళ్లు వరి ఏస్కోవద్దా?"

"రూలు నేను పెట్టలే అవ్వా." నిజమే, ఎవరూ పెట్టలేదు. ఎవరూ పెట్టని రూలును తీసేయడం ఎవరి వల్లా కాదు.

రెండో రోజు బీరువా తెరిచింది. జగిత్యాల చెప్పులు బయటికొచ్చాయి, కానీ కవరుతో సహా. కవర్లో ఉన్నవి చెప్పులని సంపత్ ఒప్పుకోలేదు. సరేనని కవరు విప్పి, మట్టి మీద పెట్టింది. పెట్టిందే గానీ మనసు ఒప్పలేదు. ఎవరో నడిచిపోతే దుమ్ము పడింది. గబగబా వెళ్లి, చెప్పులు తీసి, కొంగుతో తుడిచి తెచ్చేసరికి వెనకవాళ్లు ముందుకు జరిగారు. మళ్లీ చివర పెట్టింది. ఒక కోడి వాటి మీదెక్కింది. మళ్లీ తీసింది, బోరింగు దగ్గర కడిగింది, మళ్లీ చివర పెట్టింది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మూడుసార్లు లైను మొదటికి చేరువైంది, మూడుసార్లు చివరికి పోయింది. సంచులు అయిపోయాయి. చెప్పులు మాత్రం తళతళ మెరుస్తున్నాయి.

ఆ సాయంత్రం గోడకు అటొకరు ఇటొకరు నిలబడి అన్నదమ్ములు పందెం వేసుకున్నారు. వదినెకు తను యూరియా ఇప్పిస్తానని హన్మంతు, సర్కారే ఇస్తుందని మామ. ఓడినవాడు మీసం తీయాలి. తీర్పు చెప్పేది నేనట, చదువుకున్నవాణ్ణని. అత్త పొలం పసుపు తిరిగిపోతుంటే వీళ్లకు మీసాలు గుర్తొచ్చాయి. కోపంతో ఊగిపోయాను. అయినా మర్నాడు రెండో శనివారం, సెలవు, కాబట్టి వెళ్లాను.

వెళ్లి చూస్తే గోదాం ముందు తెల్లగా మెరిసిపోతోంది. హన్మంతు దోహా హోటల్ నుంచి తొమ్మిదేళ్లలో పోగుచేసిన గది చెప్పులు, అవే, తెల్ల గుడ్డవి, ఒకసారి తొడిగి పారేసేవి, అరవై జతలు లైనులో పరిచి ఉన్నాయి. ఒక్కోదాని మీద బంగారు రంగులో హోటల్ పేరు. జత కిరాయి ఇరవై రూపాయలు. లైనులో ముందున్న జతకు యాభై.

"గిదే సార్ మార్కెట్ అంటె," అన్నాడు నాతో. "చెప్పులు లేనోళ్లకు చెప్పులు, జాగ లేనోళ్లకు జాగ. ఎవలకు నష్టం?"

"ముందు నుంచి నిలబడ్డోళ్లకు," అన్నాను.

"గాళ్లు గూడ కొనుక్కోవచ్చు గదా," అన్నాడు. పాఠ్యపుస్తకంలో ఎడమ గడిలో ఐదో పాయింటు అచ్చంగా ఇదే.

గొడవ ముదిరి సంపత్ బయటికొచ్చాడు. చెప్పులన్నీ రద్దన్నాడు. గోడ క్యాలెండర్ వెనక వైపు ముక్కలుగా చించి, జెల్ పెన్నుతో నంబర్లు వేసి, పట్టా పాస్‌బుక్ చూపించినవాళ్లకు టోకెన్లు పంచాడు. ఇద్దరి భుజాల మీద చేతులేసుకుని వచ్చిన మామ ముఖం వెలిగిపోయింది. "చూసినవా తమ్మీ! సర్కార్ దిగింది!" అని అరిచాడు. కిరాయి కట్టినవాళ్లు ఊరుకుంటారా? చెప్పుల లైను అలాగే ఉంచి, పక్కనే టోకెన్ల లైను మొదలైంది. ఎవరి లైను వాళ్లకు మొదటిదే.

టోకెన్లు పంచుతున్నప్పుడు మా అత్త ఎక్కడుంది? బోరింగు దగ్గర. చెప్పులు కడుగుతోంది. వచ్చేసరికి క్యాలెండర్ అయిపోయింది. హన్మంతు కిరాయి అడగకుండా ఒక తెల్ల జత చేతిలో పెట్టబోయాడు.

"వదినె, నీకు ముఫత్. నా పందెం నిలవెట్టు సాలు."

"నీ పందెం పాడుగాను! నా పొలానికి మీ మీసాలు ఎరువేసుకోనా?" అంది అత్త. చెప్పులు కవర్లో చుట్టి చంకలో పెట్టుకుని, చేతిలో బీడీల చాటతో, రెండు లైన్ల మధ్య, షట్టరు ముందు, వట్టి కాళ్లతో నిలబడిపోయింది. "నేను కదిలితె గదా ఎన్కకు పోవుడు. ఇగ కదల."

ఆమె వెనకాలే భూదేవి వచ్చి నిలబడింది. అత్త పక్క మడి కౌలుకు చేస్తుంది. పట్టా భూస్వామి పేరు మీద ఉంది కాబట్టి పాస్‌బుక్ లేదు, పాస్‌బుక్ లేదు కాబట్టి టోకెన్ లేదు, చేతిలో అదనంగా ఇరవై రూపాయలు లేవు కాబట్టి తెల్లచెప్పులు లేవు.

అప్పుడు వాన పట్టింది. అలాంటిలాంటి వాన కాదు. అందరూ గోదాం పక్క రేకుల కిందికి ఉరికారు. నేనూ ఉరికాను. అత్త కదల్లేదు. చాటలో ఆకు కొంగున కట్టి, చాట తిప్పి నెత్తి మీద పెట్టుకుని, భూదేవిని కూడా దాని కిందికి లాక్కుంది.

మా కళ్ల ముందే హన్మంతు తెల్లచెప్పులు నీళ్లు తాగి ఉబ్బాయి, తేలాయి, ఒకదాని వెనక ఒకటి వరుస తప్పకుండా మోరీ కాలువలోకి వెళ్లిపోయాయి. లైను అంటే నిజంగా అదీ. హన్మంతు "నా దోహా! నా దోహా!" అంటూ మోకాటి లోతు నీళ్లలో పడి వెళ్లాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వుతుంటే మామ ఇంకా గట్టిగా నవ్వాడు. అప్పుడే ఎవరో తమ టోకెన్ తీసి చూశారు. నంబరు లేదు. అందరూ జేబులు తడుముకున్నారు. జెల్ పెన్ను నీలం అంతా అరచేతులకు అంటింది. తొంభై మంది రైతులు, అందరి చేతులూ నీలం, ఎవరి చేతిలోనూ నంబరు లేదు. మామ నవ్వు ఆగిపోయింది.

వాన తగ్గాక సంపత్ షట్టరు ఎత్తాడు. ఎదురుగా చెప్పులు లేవు, టోకెన్లు లేవు. చాట కింద ఇద్దరు ఆడవాళ్లు వణుకుతూ నిలబడి ఉన్నారు. అతను కాసేపు వాళ్ల కాళ్ల వైపే చూశాడు.

"రా అవ్వా. నువ్వే మొదలు," అన్నాడు.

అత్త పాస్‌బుక్ చూపించి రెండు సంచులు తీసుకుంది. భూదేవి ముందుకొచ్చింది. పాస్‌బుక్ అడిగాడు. లేదంది. సంపత్ తల అడ్డంగా ఊపాడు. చెడ్డవాడు కాదు, కళ్లు దించుకునే ఊపాడు. భూదేవి అలవాటైనట్టు పక్కకు జరిగింది. అదే నాకు కష్టంగా అనిపించింది.

అత్త ఆమె చెయ్యి పట్టి ఆపింది. "ఏడికి పోతున్నవే? గీ సంచి వట్టు. నాకెంత పడ్డదో గంతే ఇయ్యి."

అప్పుడు జరిగింది నేను చచ్చేదాకా మర్చిపోను. ఎన్నో ఏళ్లుగా ఒక్క మాట మీదికి రాని అన్నదమ్ములు ఒకేసారి అరిచారు.

"బుచ్చవ్వా! గది నీ పేరు మీద రాసిన సంచి. ఇయ్యరాదు, రూలు లేదు!" అన్నాడు మామ.

"వదినె! బయట నూటయాభై ఎక్కువ పలుకుతది. కొన్నకాడికే ఇస్తవా, పిచ్చా?" అన్నాడు హన్మంతు.

అత్త ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "వానల నిలవడ్డప్పుడు నా ఎన్క ఎవలున్నరు? మీరున్నరా?" అంది. ఇద్దరూ రేకుల కింద నిలబడి ఉన్నారు. పక్కనే నేనూ ఉన్నాను.

ఇంటికి వచ్చాక మీసాల లెక్క తేలాల్సి ఉంది. తీర్పు చెప్పమని ఇద్దరూ నా మీద పడ్డారు. నేను గొంతు సవరించుకుని, ఒక కోణంలో చూస్తే, మరో కోణంలో చూస్తే అని మొదలుపెట్టాను. అత్త చాటలో తడిసిన ఆకు ఆరబెడుతూ అడిగింది.

"అల్లుడా, నీ బోర్డు మీద రెండు గడులుంటయంటివి. భూదేవి ఏ గడిల ఉంటది?"

నేను ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. మార్కెట్ గడిలో ఆమె చేతిలో డబ్బు లేదు, సర్కారు గడిలో ఆమె పేరు లేదు. ఇరవై రెండేళ్లు, రెండు గడులు, పన్నెండు పాయింట్లు, ఎక్కడా ఆమె లేదు. నాకు సిగ్గేసింది.

"ఏ గడిలోనూ లేదు అత్తా," అన్నాను.

"మరైతె ముగ్గురూ ఓడిన్రు," అంది. "హన్మంతూ, బ్లేడు తే."

ఒక సంచి ఎకరమంతటికీ సరిపోలేదు. అత్త పొలం సగం పచ్చబడింది, సగం ఆ పసుపు రంగులోనే ఉండిపోయింది. పక్కన భూదేవి మడి కూడా అంతే, సగం పచ్చ, సగం పసుపు. గట్టు మీద నిలబడి చూస్తే ఏది ఎవరిదో తెలియదు. జగిత్యాల చెప్పులు మళ్లీ బీరువా చేరాయి.

తీర్పు తర్వాత వచ్చిన సోమవారం మీసం లేకుండా క్లాసుకు పోయాను. పిల్లలు పది నిమిషాలు నవ్వారు, నవ్వనిచ్చాను. తర్వాత బోర్డు మీద గీత గీశాను. దాని పక్కన ఇంకో గీత గీశాను. మూడో గడి వచ్చింది. దాని పైన ఏం రాయాలో తెలియలేదు, ‘భూదేవి’ అని రాశాను.

"సార్, ఇది పరీక్షలో వస్తదా?" అని ముందు బెంచీ అమ్మాయి అడిగింది.

"రాదమ్మా," అన్నాను. "రాసుకోండి."