కెప్టెన్ ఫ్యాను ఆపేస్తాడు

లిఫ్టులు బాగుచేసే ఆయన్ని వీధిలో అందరూ కెప్టెన్ అనే పిలుస్తారు. ఆదివారం భోజనం కాగానే కంప్యూటర్ ముందు కుర్చీలో బాసింపట్టు వేసుకుని జలాంతర్గామి ఆట మొదలుపెడతాడు. ముందు ఫ్యాను ఆపేస్తాడు. వారమంతా మోటార్ల రొద విని ఏ బేరింగు అరిగిందో చెప్పే చెవులవి. స్పీకర్లో ప్రొపెల్లర్ చప్పుడును బట్టి సరుకుల ఓడ ఏదో, తనను వేటాడే ఓడ ఏదో పట్టేస్తాడు. ఓడల వెంట పడడు. అవి రాబోయే దారిలో ముందే వెళ్ళి నక్కి కూర్చుంటాడు. పెరిస్కోపు ఎత్తితే మూడు లెక్కపెట్టేలోగా దించేస్తాడు. "ఇంట్లో కొళాయి కారుతుంటే మాత్రం వినపడదు ఆ చెవులకి," అంటుంది భార్య.

ఈ ఆదివారం సరుకుల ఓడ మీదికి వదిలిన రెండు టార్పెడోలూ తగిలాయి! కుర్చీలోనే ఎగిరి గంతేసి, జలాంతర్గామిని గబగబా లోతుకు దించి, చప్పుడు బయటికి పోకుండా ఇంజను ఆపేశాడు. వేటాడే ఓడ సరిగ్గా నెత్తిమీదికి వచ్చింది. ఒక బాంబు పేలింది. రెండోది ఇంకా దగ్గరగా పేలింది. పారిపోదామని ఆయన చెయ్యి ఇంజను మీట వైపు పోయింది. టీ తెచ్చిన భార్య ఆ చెయ్యి పట్టేసుకుంది.

"ఆగండి! పోయిన వారం ఇలాగే తొందరపడి మునిగారు," అంది గుసగుసగా.

ఆయన నోరెళ్ళబెట్టాడు. ఇన్నాళ్ళూ వంటింట్లోంచి అన్నీ వింటోందన్నమాట! అంతలో వీధి తలుపు బెల్లు మోగింది. ఆయన లేవబోయాడు. ఆవిడ భుజం నొక్కి కూర్చోబెట్టి, పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"కదలకండి. మనం నీళ్ళ కింద ఉన్నాం."