డ్రోన్ రాసుకున్న దాంట్లో నా కేక లేదు

నిన్న మా కాఫీ తోట మీద మనవరాలు పార్వతి ఎగరేసిన డ్రోన్ తిరిగి రాలేదు. తోటల ఫొటోలు తీయమని ఆఫీసు వాళ్లిచ్చినది. పార్వతి ఉద్యోగం కొత్తది, ఏమవుద్దోనని నా బెంగ.

డ్రోన్ పోయినా అది ఎగిరిన వివరమంతా రిమోట్‌లో ఉంటుందట, లాగ్ అంటారట. ఈ పొద్దున్న పార్వతి దాన్ని లాప్‌టాప్‌లో తెరిచింది.

"బేటరీ అయిపోనాదేటే?" అన్నాను.

"లేదు మామ్మా, సగం పైనే ఉంది. గాలీ లేదు. నేను వెనక్కి రమ్మని బటన్ నొక్కాను. తిన్నగా వచ్చింది, కానీ సిల్వర్ ఓక్ చెట్ల కంటే కిందుగా వచ్చింది. ఇదిగో, అది వచ్చిన దారి గీత ఇక్కడే ఆగిపోయింది, చెట్టుకి కొట్టుకునుంటుంది."

"మరెందుకు నొక్కినావే?"

అడిగాక నాకే గుర్తొచ్చింది. కొండ మీద చిన్న మబ్బు చూసి, "వానొచ్చేత్తంది, బేగి దింపియ్యే గుంటా" అని కేకేసి దాని చెయ్యి పట్టుకు లాగింది నేనే. చెట్ల పైనుంచి వచ్చేంత ఎత్తులో ఉందో లేదో చూసుకోనివ్వలేదు. ఆ మబ్బు చినుకైనా రాల్చలేదు.

తర్వాత పార్వతి ఆఫీసుకి ఫోన్ చేసి, "తప్పు నాదే సార్, ఎత్తు చూసుకోలేదు" అంది. నా ఊసే ఎత్తలేదు.

లాగ్‌లో బటన్ నొక్కిన సెకనుతో సహా ఉంది, నా కేక మాత్రం లేదు. అందుకే ఇక్కడ రాస్తన్నాను. రేపు ఆ సారుకి నేనే చెప్పేద్దామనుంది. చెబితే గుంటకి మేలవుద్దా, మామ్మ మాటకి డ్రోన్ దింపే పిల్ల అని ఇంకా చులకనవుద్దా? మీరేటంటారు?